నేరం పరుపు మీద మోపాను: ఒక ఉబ్బసం కేసు

ఈ కేసులో జబ్బేమిటో మొదటి రోజే తేలింది. ఉబ్బసమే. ఇచ్చిన మందూ సరైనదే. నేను తప్పింది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర: ఈ మనిషికి ఇది దేనివల్ల వస్తోంది? నా జవాబుకి పరీక్షలో పాజిటివ్ వచ్చింది, రోగి చెప్పిన మాటలకీ అతికింది. అయినా అది తప్పని తెలియడానికి ఏడు నెలలు పట్టింది. పేషెంటు అనుమతితోనే రాస్తున్నాను, ఆయన్ని గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

వయసు 36. పొగ తాగరు. రెండేళ్ళుగా దగ్గు, ఏడాదిన్నరగా ఆయాసం, పిల్లికూతలు. వారంలో నాలుగైదు రాత్రులు రెండు, మూడు గంటల మధ్య లేచి మంచం మీద కూర్చోవడం. చిన్నప్పుడు ఈ బాధ లేదు. చేతిలో సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఉంది. ఏడాదిలో ఎన్ని డబ్బాలు అయ్యాయని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి ఎనిమిది అన్నారు. డబ్బాకి 200 పఫ్‌లు, అంటే రోజుకి నాలుగుకి పైనే.

ఆ ఎనిమిది నన్ను ఆ రోజు బాగా కలవరపెట్టింది. సాల్బుటమాల్ శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని ఐదు నిమిషాల్లో వదులు చేస్తుంది, ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. కానీ ఉబ్బసంలో అసలు జబ్బు కండరంలో లేదు. లోపలి పొర వాచి ఉంటుంది, అందులో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు చేరి ఉంటాయి, కళ్ళె చిక్కబడి సన్నటి గొట్టాలకి అడ్డం పడుతుంది. సాల్బుటమాల్ ఆ వాపుని ముట్టుకోదు. ఏడాదికి మూడు డబ్బాలు, అంతకు మించి వాడేవాళ్ళకి తీవ్రమైన ఎటాక్‌లు వచ్చే ముప్పు ఎక్కువ. పన్నెండు, ఆపైన అయితే చావు ముప్పు కూడా పెరుగుతుంది. అందుకే ఉబ్బసం మీద అంతర్జాతీయ సూచనలు వెలువరించే జీనా, 2019 నుంచి పెద్దవాళ్ళకి సాల్బుటమాల్ ఒక్కదానితోనే వైద్యం చేయవద్దని చెబుతోంది.

ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే రెండు వైపులా గాలి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపించాయి. ముక్కు లోపలి పొర పాలిపోయి ఉబ్బి ఉంది. స్పైరోమెట్రీలో ఎఫ్ఈవీ1, అంటే బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, 2.38 లీటర్లు. ఆయన వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దానిలో 67 శాతం. మొత్తం ఊదిన గాలి 3.72 లీటర్లు, రెండిటి నిష్పత్తి 0.64, అంటే గొట్టాల్లో ఇరుకు ఉంది. సాల్బుటమాల్ ఇచ్చి పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ ఊదిస్తే 2.81కి పెరిగింది. 430 మిల్లీలీటర్లు, 18 శాతం పెరుగుదల. 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటితే చాలు, ఇరుకు వదిలే స్వభావం ఉందని అంటాం. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ 62 పీపీబీ (వందకోట్ల భాగాల్లో 62), రక్తంలో ఇసినోఫిల్స్ 480, రెండూ ఎక్కువే. ఎలర్జీ తరహా వాపేనని ఇవి రెండూ చెప్పాయి.

మా కేసు షీటులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. అందులో నా చేతిరాతతోనే "ప్రైవేటు ఉద్యోగం" అని ఉంది. అది రాసుకుని కింది గడికి వెళ్ళిపోయాను.

పాజిటివ్ వచ్చిన పరీక్ష

ఆయన జలుబుకని వాడుతున్న సెటిరిజిన్‌ని వారం ముందు నుంచే ఆపించి స్కిన్ ప్రిక్ టెస్ట్ చేశాం. సెటిరిజిన్ లాంటి మాత్రలు లోపల ఉంటే చర్మం స్పందించదు, పరీక్ష అబద్ధం చెబుతుంది. ముంజేతి మీద ఒక్కో చుక్క వేసి సూదితో గీరీ గీరనట్టు గుచ్చి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత దద్దురు కొలుస్తారు. ఉప్పునీటి చుక్క దగ్గర ఏమీ రాకూడదు, హిస్టమిన్ దగ్గర రావాలి. ఆయనకి హిస్టమిన్ దగ్గర 5 మిల్లీమీటర్లు వస్తే, డస్ట్ మైట్ దగ్గర 6 వచ్చింది. బొద్దింక, పిల్లి, బూజు, పుప్పొళ్ళు అన్నీ నెగటివ్.

డస్ట్ మైట్ అంటే కంటికి ఆనని పురుగు, మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, పరుపుల్లో దిండ్లలో గాలిలోని తేమ తాగి బతుకుతుంది. ఎలర్జీ దాని రెట్టలోని ప్రొటీన్‌కి వస్తుంది. రాత్రిపూట ఆయాసం, పరుపు, పాజిటివ్ టెస్టు. మూడూ ఒకే వరసలో నిలబడ్డాయి. నాకు తెలిసిన కథే కాబట్టి మరో కథ వెతకలేదు.

పరుపుకీ దిండ్లకీ మైట్లు దూరని తొడుగులు వేయించాను. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకమన్నాను. మందు మార్చాను: బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన 200/6 ఇన్‌హేలర్ పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్, మధ్యలో ఆయాసం వస్తే మళ్ళీ అదే. ఫార్మోటెరాల్ సాల్బుటమాల్ అంత త్వరగానే పనిచేస్తుంది కనుక రోజువారీ మందూ, అత్యవసర మందూ ఒకటే అవుతాయి. ఊపిరాడనప్పుడల్లా మనిషి తెలియకుండానే వాపు తగ్గించే మందు కూడా లోపలికి తీసుకుంటాడు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే. రోజుకి 12 పఫ్‌లు దాటకూడదనీ, అన్ని కావలసి వస్తోందంటే ఆస్పత్రికి రావాలనీ రాసిచ్చాను.

"స్టెరాయిడ్ అంటున్నారు, అలవాటైపోదా డాక్టరుగారూ?" అన్నారు. ఈ ప్రశ్న అడగనివాళ్ళు అరుదు, అడగకుండా మానేసేవాళ్ళే నాకు భయం. పఫ్‌లో ఉన్నది 200 మైక్రోగ్రాములు. ఎటాక్ వచ్చినప్పుడు మింగించే ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు, బరువులో దానికి రెండువందల రెట్లు. పీల్చే మందు రోజూ వాడేదే మింగే మందు అవసరం రాకుండా ఉండటానికి. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నాలుక మీద తెల్లపూత, గొంతు బొంగురు చాలావరకు రావు.

ఆయన ఇన్‌హేలర్ ఎలా పీలుస్తారో చేసి చూపించమన్నాను. ముందు గాలి పీల్చేసి, అది అయ్యాక డబ్బా నొక్కారు. మందంతా నాలుక మీదే పడింది. ఏడాదిన్నర ఇలాగే. ఇన్‌హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టం ఇచ్చి, నొక్కాక నెమ్మదిగా లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టడం మూడుసార్లు చేయించాను. పొడి మందు ఇన్‌హేలర్ అయితే పద్ధతి తిరగబడుతుంది, దాన్ని గట్టిగా, వేగంగా లాగాలి. రెండు రకాలూ కలిపి వాడే ఇళ్ళలో ఈ తికమక ఎప్పుడూ ఉంటుంది.

మూడు నెలలకి ఎఫ్ఈవీ1 2.84కి వచ్చింది, 80 శాతం. ఉబ్బసం అదుపుని 25కి కొలిచే ప్రశ్నావళిలో 11 నుంచి 17కి ఎదిగారు. 20 వస్తే అదుపులో ఉన్నట్టు. ఆయన భార్య ఓ మాట చెప్పారు: "మధ్యలో పది రోజులు ఊరెళ్ళామండీ, అక్కడ ఒక్క రాత్రి కూడా లేవలేదు." నేను వెంటనే అన్నాను: "చూశారా, అక్కడ పరుపు వేరు." ఆ పది రోజులూ ఆయన పనికి కూడా వెళ్ళలేదన్నది నాకు తట్టలేదు. ఒకే ఆధారం రెండు కథలకీ సరిపోతున్నప్పుడు అది దేన్నీ రుజువు చేయదు. నేను మాత్రం దాన్ని నా కథ ఖాతాలో వేసుకున్నాను.

ఆ రాత్రి

ఐదో నెలలో ఒక రాత్రి ఆయన్ని అత్యవసర విభాగానికి తెచ్చారు. ఒక్కో మాటకీ ఆగుతున్నారు. నిమిషానికి 30 శ్వాసలు, నాడి 124, ఆక్సిజన్ 91. పీక్ ఫ్లో, అంటే గట్టిగా ఊదినప్పుడు గాలి అందుకునే గరిష్ఠ వేగం, 190, బాగున్నప్పటి 500తో చూస్తే 40 శాతానికి లోపు. సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం కలిపి ఇరవై నిమిషాలకోసారి నెబ్యులైజర్‌తో ఇచ్చాం, ఆక్సిజన్ 93 నుంచి 95 మధ్య నిలిపాం, ప్రెడ్నిసొలోన్ మొదటి గంటలోనే మింగించాం. రెండో గంటకి పీక్ ఫ్లో 310 దాటింది. ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు ఐదు రోజులు కొనసాగించి ఆపేశాం. అన్ని కొద్ది రోజులకి మెల్లగా తగ్గించుకుంటూ రావలసిన పనిలేదు.

ఇంట్లోవాళ్ళకి చెప్పే మాట ఒకటి ఇక్కడ రాయాలి. ఎటాక్‌లో ఉన్న మనిషికి పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి, మాట తగ్గి, మగతగా అయితే అది తగ్గుముఖం కాదు. కూత రావడానికి కూడా లోపల గాలి ఆడాలి. ఆ నిశ్శబ్దం నెబ్యులైజర్ దగ్గర కూర్చుని చూసే సమయం కాదు.

ఎందుకొచ్చింది ఈ ఎటాక్? జ్వరం లేదు, జలుబు లేదు, మందు మానలేదు. స్పేసర్ పద్ధతి మళ్ళీ చూశాను, చక్కగా ఉంది. నొప్పిమాత్రలు వేసుకున్నారేమో, బీపీకని బీటా బ్లాకర్ ఎవరైనా రాశారేమో అడిగాను. లేదు. తొడుగులు తీసేశారా అన్నాను. భార్య కాస్త నొచ్చుకున్నారు: "వారం వారం ఉతుకుతూనే ఉన్నానండీ." ఆమె చేసిన చాకిరీలో లోపం వెతికాను తప్ప నా నిర్ధారణలో వెతకలేదు.

మందు రెట్టింపు చేశాను. తర్వాతి మెట్ల గురించి మాట్లాడుకున్నాం. మైట్ ఎలర్జీకి ఇమ్యునోథెరపీ, అంటే ఎలర్జీ కలిగించే పదార్థాన్నే కొంచెం కొంచెంగా ఇచ్చి శరీరాన్ని మచ్చిక చేసుకోవడం. 1911లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్రలుగా కూడా ఉంది. కనీసం మూడేళ్ళు వాడాలి, అదుపులో లేని ఉబ్బసంలో మొదలుపెట్టకూడదు. ఎలర్జీని నడిపించే ప్రతిరక్షకం ఐజీఈ, దాన్ని పట్టేసే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ 2003 నుంచి ఉంది, దాని సంగతీ ఆయనే అడిగారు. అదుపులోకి రాగానే ఇమ్యునోథెరపీ మొదలుపెడదామని షీటులో రాశాను. మొదలుపెట్టి ఉంటే మూడేళ్ళపాటు నేరం చేయనివాడి మీద విచారణ నడిపేవాణ్ణి.

మడమ బెణికింది

ఏడో నెలలో కుంటుకుంటూ వచ్చారు. మెట్ల మీద మడమ బెణికి పన్నెండు రోజులు ఇంట్లోనే ఉన్నారట. వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర, మామూలుగా అన్నారు: "విచిత్రం డాక్టరుగారూ, ఈ పన్నెండు రోజులూ రాత్రి ఒక్కసారి లేవలేదు."

"ఎక్కడ పడుకున్నారు?"

"ఎక్కడేమిటండీ, మా ఇంట్లోనే. అదే మంచం."

మళ్ళీ కూర్చోబెట్టాను. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను: పొద్దున లేచింది మొదలు మీ చేతులు ఏం చేస్తాయి? బ్రెడ్ తయారుచేసే పెద్ద బేకరీలో సూపర్‌వైజరు. కాగితం మీద పని మనుషుల్ని చూసుకోవడం. నిజానికి తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళి, మనిషి తక్కువైనప్పుడల్లా మైదా బస్తాలు విప్పి మిక్సర్‌లో పోయడం, అందులో ఇంప్రూవర్ పొడి కలపడం కూడా. మనిషి తక్కువ కాని రోజు లేదు. నాలుగేళ్ళుగా అక్కడ ఉన్నారు. మూడేళ్ళ కింద అక్కడే తుమ్ములు, ముక్కు కారడం మొదలయ్యాయి, "జలుబు" అని సెటిరిజిన్ వేసుకుంటూ వచ్చారు. కొన్ని నెలలకి దగ్గు దిగింది. ఐదో నెల ఎటాక్ సంగతి అడిగితే కాసేపు ఆలోచించి చెప్పారు: ఆ ఉదయం ఒక బస్తా పైనుంచి పడి చిరిగింది, గదంతా తెల్లగా అయింది, తనే ఊడ్చారు.

పిండి పని చేసేవాళ్ళ ఊపిరి బాధల గురించి ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని 1700లోనే రాశాడు. రోగిని పని ఏమిటని అడగమని వైద్యులకి చెప్పినవాడూ ఆయనే. మూడువందల ఏళ్ళ తర్వాత నేను "ప్రైవేటు ఉద్యోగం" అని రాసుకున్నాను. పెద్దవాళ్ళలో వచ్చే ఉబ్బసంలో దాదాపు 15 శాతానికి పనిచేసే చోటు కారణమో, భాగస్వామో అన్న అంచనా నాకు తెలియనిదేమీ కాదు.

మరి పొద్దున పిండి పీలిస్తే రాత్రి ఆయాసం ఎందుకు? ఎలర్జీ ఉన్న మనిషి శ్వాసనాళాల పొరలో మాస్ట్ కణాలు ఐజీఈ తగిలించుకుని మందుపాతరల్లా ఉంటాయి. ఎలర్జీ పదార్థం తగలగానే హిస్టమిన్, ల్యూకోట్రైన్లు వెలువడి నిమిషాల్లో గొట్టాలు బిగుస్తాయి, గంట రెండు గంటల్లో వదులుతాయి. ఆయన ఆ సమయంలో రెండు పఫ్‌లు కొట్టి పని చేసుకునేవారు, ధ్యాస కూడా ఉండేది కాదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో అల వస్తుంది. ఇసినోఫిల్స్ వచ్చి చేరతాయి, వాపు, కళ్ళె. ఇది గంటల తరబడి ఉంటుంది. రోజూ ఇలా జరిగితే గొట్టాలు దేనికైనా బెదిరే స్థితికి వస్తాయి. దానికి తోడు ఎవరికైనా తెల్లవారుజామున శ్వాసనాళాలు కాస్త ఇరుకవుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ ఇరుకే చాలు. రాత్రి బాధకి కారణం రాత్రే ఉండాలన్న నియమం లేదు.

చేతికి పీక్ ఫ్లో మీటరు ఇచ్చాను. మందు మోతాదు మార్చకుండా నాలుగు వారాలు, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మూడుసార్లు ఊది, మూడింటిలో ఎక్కువది రాయమన్నాను. రోజుకి నాలుగుసార్లకి తగ్గితే ఆ చార్టు పనికిరాదు. ఆయన సగటున ఆరుసార్లు రాశారు. మూడో వారంలో నాలుగు రోజులు వరసగా సెలవు పెట్టించాను, ఊరు వెళ్ళవద్దని, ఇంట్లోనే ఉండమని మరీ చెప్పి.

సెలవు రోజుల్లో 480 నుంచి 510. పనిలో మొదటి రోజు సాయంత్రానికి 440. మూడో రోజు సాయంత్రానికి 370. సెలవు మొదలయ్యాక రెండో రోజుకి తిరిగి 480. గీత గీస్తే రంపపు పళ్ళలా వచ్చింది. ఇన్నేళ్ళలో నేను చూసిన ఏ స్కానూ ఇంత స్పష్టంగా మాట్లాడలేదు.

తర్వాత రక్తంలో ఐజీఈ చూశాం. గోధుమ పిండికి 1.1 మాత్రమే, అది కూడా గడ్డిజాతి పుప్పొళ్ళ ఎలర్జీలో అడ్డదారిన రావచ్చు. ఆల్ఫా ఎమైలేజ్‌కి 7.2. ఇంప్రూవర్ పొడిలో కలిపే ఎంజైమ్ ఇది, ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు నుంచి తీస్తారు. బ్రెడ్ మెత్తగా పొంగడానికి వేస్తారు. మేము చేసిన స్కిన్ టెస్టు పెట్టెలో ఆ చుక్కే లేదు. అడగని దానికి నెగటివ్ కూడా రాదు. అనుమానం ఉన్న పొడిని కొలత ప్రకారం పీల్పించి చూసే పరీక్ష ఒకటుంది, ప్రత్యేక కేంద్రాల్లో మాత్రమే చేయాలి. చార్టూ రక్తపరీక్షా ఒకే మాట చెబుతున్నప్పుడు దాని జోలికి వెళ్ళలేదు.

మైట్ పాజిటివ్ సంగతేమిటి? అది నిజమే. ఆయన శరీరానికి మైట్ తెలుసు, ఐజీఈ ఉంది. తెలిసినంత మాత్రాన పగ ఉండాలని లేదు. జబ్బులేని ఎంతోమందికి కూడా ఆ దద్దురు వస్తుంది.

"మరి నేను రోజూ బ్రెడ్ తింటాను కదండీ, ఏమీ కాదే?" అన్నారు. పిండి పీలిస్తే ఆయాసం వచ్చేవాళ్ళలో చాలామంది బ్రెడ్ హాయిగా తింటారు. కాలడంలో, అరగడంలో ఆ ప్రొటీన్ల రూపం చాలావరకు మారిపోతుంది.

ఇక ఏం చేయాలి

పుస్తకంలో జవాబు ఒక్క వాక్యం: ఆ పదార్థానికి పూర్తిగా దూరం కావాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆయన జవాబూ ఒక్క వాక్యమే: "ఉద్యోగం మానేస్తే ఇల్లెలా గడుస్తుందండీ?" రెండూ సరైనవే. మందు పెంచుకుంటూ అదే గదిలో కొనసాగడం మాత్రం కుదరదని చెప్పాను. వాపు అలాగే సాగితే గొట్టాల గోడలు మందమై, తర్వాత దూరం జరిగినా పూర్తిగా వెనక్కి రావు.

ఆయన అనుమతితో యాజమాన్యానికి ఉత్తరం రాశాను. ఇంప్రూవర్ పొడి బదులు ముద్దగా వచ్చేది వాడటం, పిండి తడిసేదాకా మిక్సర్ మూత వేసి నెమ్మదిగా తిప్పడం, చీపురూ గాలి గొట్టమూ మానేసి ఫిల్టరున్న వాక్యూమ్‌తో శుభ్రం చేయడం. ఆయన్ని ప్యాకింగ్‌కి మార్చారు. దుమ్ము మాస్కు కూడా ఇచ్చారు. మాస్కు అదనపు జాగ్రత్త, దూరానికి బదులు కాదు. రెండు నెలల తర్వాత మళ్ళీ చార్టు రాయించాను. రంపపు పళ్ళు పొట్టివయ్యాయి కానీ పోలేదు. ఒకసారి ఎలర్జీ కుదిరాక అతి కొంచెం పొడి చాలు. ప్యాకింగ్ హాలు మిక్సింగ్ గది పక్కనే. ఇంకో ఉత్తరం రాశాను. ఈసారి వేరే భవనంలో ఉన్న సరఫరా విభాగానికి పంపారు, జీతం తగ్గలేదు. అన్ని చోట్లా ఇంత సాఫీగా జరగదు, నా ఇతర పేషెంట్లలో ఇలాంటి ఉత్తరం చూపించి పని పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఏడాదికి ఎఫ్ఈవీ1 3.21, 90 శాతం. ప్రశ్నావళిలో 23. మందు మళ్ళీ రోజుకి రెండు పఫ్‌లకి దించాం. పూర్తిగా మానేయగలరా అంటే చెప్పలేను. పనివల్ల వచ్చిన ఉబ్బసంలో కారణానికి దూరమైనా లక్షణాలు పూర్తిగా పోయేది సుమారు మూడోవంతు మందికే. జలుబు చేస్తే, చల్లగాలి తగిలితే ఆయనకి ఇప్పటికీ ఛాతీ పట్టేస్తుంది. పరుపు తొడుగులు తీసేయవచ్చా అని భార్య అడిగారు. తీసేయమన్నాను. ఆవిడ నవ్వారు, నేను క్షమాపణ చెప్పాను.

షీటులో ఆ గడి ఇప్పుడు నాలుగు గీతల వెడల్పు ఉంది.

కిందటి నెల చెకప్‌కి వచ్చినప్పుడు పీక్ ఫ్లో మీటరు తెచ్చుకోలేదు. పోగొట్టుకున్నారేమో అనుకున్నాను. మిక్సింగ్ గదిలో కొత్తగా చేరిన కుర్రాడు రెండు వారాలుగా తుమ్ముతున్నాడట, శుభ్రంగా తుడిచి అతనికిచ్చారు. జేబులోంచి మడత కాగితం తీసి నా ముందు పెట్టారు. మూడు రోజుల అంకెలున్నాయి అందులో.